ట్రాక్టర్ ఇంజన్‌లో వాల్వు కాలిందా? హెడ్డు విప్పే ముందు, విప్పాక ఏం చేయాలి

శెనక్కాయ ఒబ్బిళ్ల కాలంలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ట్రాక్టర్‌కు నిద్ర ఉండదు. కళ్యాణదుర్గం అయినా, ఉరవకొండ అయినా, కదిరి వైపైనా అదే కథ. నూర్పిడి మిషన్‌కు తగిలించి ఒకేచోట గంటల తరబడి ఫుల్ లోడు మీద నడుపుతారు. చుట్టూ ఎర్రమట్టి దుమ్ము, పొట్టు. రేడియేటర్ జాలీకి ఆ పొట్టే అతుక్కుంటుంది, ఎయిర్ క్లీనర్‌లోకి ఆ దుమ్మే పోతుంది. "బండి పీకడం లేదు, మిస్ కొడుతోంది, పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు" అంటూ గ్యారేజీకి వచ్చే బండ్లు ఆ తర్వాతే పెరుగుతాయి. వాటిలో కొన్నింటికి నిజంగా వాల్వు కాలి ఉంటుంది. కొన్నింటికి వాల్వు బాగానే ఉన్నా హెడ్డు, అంటే సిలిండర్ల మీద వాల్వులు ఉండే పైమూత, విప్పేస్తారు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టర్ ఇంజన్ గురించి. కింద కామ్ కదలికను పుష్ రాడ్లు పైకి తెస్తే, రాకర్లు వాల్వులను నొక్కి తెరిచే పాత పద్ధతి ఇంజన్ అన్నమాట. లారీకీ, ఆటోకీ, బైకుకీ మూల సూత్రం ఇదే. తేడా ఉన్నచోట చెబుతాను. మీకు స్పానర్లు పట్టడం అలవాటుంటే చాలావరకు మీరే చేయొచ్చు. సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే అంచు) కోయడం, గైడు (వాల్వు కాడ ఆడే గొట్టం) మార్చడం మాత్రం లేత్ షాపు పని. ఆ పని ఎలా చేయించుకోవాలో తెలిస్తే చాలు.

వాల్వు ఎందుకు కాలుతుంది

ఇంజన్ 2000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇన్‌లెట్ వాల్వుకు లోపలికి వచ్చే గాలి తగిలి కాస్త చల్లబడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుకు ఆ అదృష్టం లేదు. కాలిన వాయువులన్నీ దాన్ని ఒరుసుకుంటూనే బయటికి పోతాయి. లోడు మీద దాని తలకాయ 600 నుంచి 800 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఆ వేడిలో దాదాపు ముప్పావు వంతు, వాల్వు సీటు మీద కూర్చున్నప్పుడే హెడ్డులోకి దిగి, అక్కడి నుంచి రేడియేటర్ నీళ్లలోకి పోవాలి. మిగతాది కాడ మీదుగా గైడులోకి పోతుంది.

కాబట్టి సీటు మీద సరిగా కూర్చోనివ్వని ఏ కారణమైనా వాల్వును కాల్చేస్తుంది. టాపెట్ గ్యాప్, అంటే రాకర్ మొనకూ వాల్వు కాడ కొనకూ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ, బిగువుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. కార్బన్ పెచ్చు మధ్యలో ఇరుక్కున్నా అంతే. గైడు అరిగిపోతే వాల్వు పక్కకు ఒరిగి కూర్చుంటుంది. హెడ్డులో నీటిదారులకు బోరు నీళ్ల సున్నం పట్టి ఉంటే, వాల్వు సరిగానే కూర్చున్నా వేడి పోయే దారి ఉండదు. సన్నటి సందు దొరికితే చాలు, ప్రతి పేలుడుకూ మంట అక్కడి నుంచి దూసుకుపోతూ లోహాన్ని తినేస్తుంది.

అందుకే కొత్త వాల్వు వేసి గ్రైండింగ్ చేసి పంపిన బండి మరుసటి సీజన్‌లో అదే సిలిండర్‌తో తిరిగొస్తే వాల్వు నాణ్యతను తిట్టుకోవద్దు. మొదటిదాన్ని కాల్చింది ఏమిటో ఎవరూ చూడలేదన్నమాట. కింద చెప్పే పనుల్లో సగం ఆ కారణాన్ని పట్టుకోవడానికే.

ముందు చౌక పనులు

హెడ్డు మీద చెయ్యి వేసే ముందు ఎయిర్ క్లీనర్, డీజిల్ ఫిల్టర్లు చూడండి. డీజిల్ లైనులో ఎయిర్ పట్టిందేమో చూసి తీసేయండి. వీటివల్ల కూడా బండి పీకదు, పొగ పెడుతుంది. కానీ వీటివల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా అన్ని సిలిండర్లకూ కలిపి ఉంటుంది. ఒకటే సిలిండర్ లయ తప్పకుండా మిస్ కొడుతుంటే అప్పుడు వాల్వును అనుమానించాలి.

చెవి చాలా చెబుతుంది. ఐడిల్‌లో సైలెన్సర్ దగ్గర నిలబడి వినండి. టక్ టక్ మనే వరుసలో ఒక దెబ్బ మెత్తగా, ఫుస్సుమంటూ వస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వు లీక్ కావచ్చు. ఎయిర్ క్లీనర్ గొట్టంలోంచి తుమ్మినట్టు శబ్దం వెనక్కి వస్తుంటే ఇన్‌లెట్ వాల్వు మీద అనుమానం పెట్టుకోండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి తర్వాత తగ్గిపోతుంటే అది కాలిన వాల్వు గుర్తు కాదు. వాల్వు సీళ్లు, గైడ్లు అరిగి రాత్రంతా ఆయిల్ లోపలికి జారిందని అర్థం.

ఏ సిలిండర్ పని చేయడం లేదో తేల్చడానికి పాత పద్ధతే మేలు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును 17 లేదా 19 స్పానర్‌తో అరచుట్టు వదులు చేయండి. పనిచేసే సిలిండర్‌కు వదులు చేస్తే ఇంజన్ శబ్దం పడిపోతుంది, బండి వణుకుతుంది. చచ్చిన సిలిండర్‌కు వదులు చేస్తే ఏ తేడా రాదు. నట్టు చుట్టూ గుడ్డ వేయండి. డీజిల్ చిమ్మే దారిలో చెయ్యి, కన్ను పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా అది ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయమే.

ఒక హెచ్చరిక. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాతి పెద్ద బండ్లలో కామన్ రైల్ ఇంజన్లు వస్తున్నాయి. వాటి పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. వాటి మీద ఈ పైపు వదులు చేసే పరీక్ష ఎప్పుడూ చేయొద్దు. స్కానర్ ఉన్నచోటికి తీసుకెళ్లండి.

టాపెట్ గ్యాప్‌లోనే సగం జవాబు

చచ్చిన సిలిండర్ తేలాక, ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి రాకర్ కవర్ తీయండి. ఏదీ సర్దకుండా ముందు ఉన్న గ్యాపులన్నీ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలిచి కాగితం మీద రాసుకోండి. చాలామంది ఇక్కడే తొందరపడి గ్యాప్ సరిచేసేస్తారు, సాక్ష్యం చెరిగిపోతుంది. కొలవడం ఎలాగో చివర టాపెట్ సెట్టింగ్ దగ్గర చెబుతాను.

ఒక ఎగ్జాస్ట్ వాల్వుకు గ్యాపే లేకుండా, మిగతావాటికి సరిగా ఉంటే ఆ వాల్వు సీటులోకి దిగిపోతోందని అర్థం. సీటు అరిగేకొద్దీ కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. ఈ సంగతి చాలామందికి తలకిందులుగా తోస్తుంది. అరిగితే వదులు కావాలి కదా అనుకుంటారు. రాకర్, పుష్ రాడ్, కామ్ అరిగితే వదులవుతుంది. సీటు అరిగితే మాత్రం బిగుస్తుంది. చప్పుడు చేసే టాపెట్ కంటే చప్పుడు చేయని టాపెట్టే ప్రమాదం. మోగేది మీకు ముందే చెబుతుంది, బిగిసింది నిశ్శబ్దంగా వాల్వును కాల్చేస్తుంది.

ఒకదానికి గ్యాప్ మరీ ఎక్కువ ఉంటే పుష్ రాడ్ వంగిందేమో, రాకర్ మొన గుంట పడిందేమో చూడండి. పుష్ రాడ్ తీసి అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది.

కంప్రెషన్, ఆ తర్వాత గాలి పరీక్ష

కంప్రెషన్ గేజ్ దొరికితే ఇంజెక్టర్ తీసిన రంధ్రంలో బిగించి కొలవండి. బాగున్న డీజిల్ ఇంజన్‌లో సుమారు 350 నుంచి 450 పీఎస్ఐ వరకు చూపిస్తుంది. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువ ఉంటే లోపల లీక్ ఉన్నట్టే. బైకు మెకానిక్ దగ్గరి గేజ్ తెచ్చి పెట్టొద్దు. పెట్రోల్ ఇంజన్ కంప్రెషన్ 120 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉంటుంది, ఆ గేజ్ దానికోసం చేసింది, డీజిల్‌కు పగిలిపోతుంది.

సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పరీక్ష ఉంది. కంప్రెషన్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు అంటారు. పెట్రోల్ బండికి అది పనికొస్తుంది. డీజిల్‌కు నేను నమ్మను. పిస్టన్ పైన మిగిలే ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఆయిల్ పోస్తేనే అంకె పెరిగిపోతుంది. ఎక్కువైతే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

దానికంటే గాలి పరీక్ష మంచిది, ఖర్చు కూడా లేదు. పాత ఇంజెక్టర్ బాడీ ఒకటి తీసుకుని లోపలి సామాను పీకేసి, పైన ఎయిర్ పైపు నిపుల్ వెల్డింగ్ చేయించండి. అనుమానం ఉన్న సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు, అంటే రెండు వాల్వులూ మూసి ఉండే చోటికి తిప్పి, బండిని గేరులో పెట్టి బ్రేకు లాక్ చేయండి. ఆ ఇంజెక్టర్ బిగించి పంక్చర్ షాపు కంప్రెసర్ నుంచి 60, 70 పీఎస్ఐ గాలి వదలండి. పైకొస సరిగా కుదరకపోతే గాలికి ఇంజన్ తిరగొచ్చు, కాబట్టి ఫ్యాన్‌కు దూరంగా ఉండండి.

ఇక వినడమే. ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పినచోట గాలి వస్తుంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్‌లో వస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర బాగా వస్తుంటే రింగులు, లైనర్లు. కొంచెం గాలి అక్కడ ఎప్పుడూ వస్తుంది, దానికి భయపడొద్దు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ పోయిందో, హెడ్డు పగిలిందో. పక్క సిలిండర్ ఇంజెక్టర్ రంధ్రంలో వస్తే రెండింటి మధ్య గాస్కెట్ కాలింది.

సైలెన్సర్‌లో గాలి వినిపించగానే హెడ్డు విప్పడానికి పోవద్దు. ఆ సిలిండర్ టాపెట్ స్క్రూలు రెండూ బాగా వదులు చేసి మళ్లీ గాలి పెట్టండి. లీక్ ఆగిపోతే వాల్వు ఇంకా బాగుంది, గ్యాప్ ఒక్కటే బిగుసుకుపోయింది. సరైన గ్యాప్ పెట్టి బండిని పనికి పంపండి. కాకపోతే త్వరలోనే మళ్లీ గ్యాప్ కొలవండి. మళ్లీ తగ్గిపోతుంటే సీటు అరుగుతున్నట్టే. స్క్రూలు వదిలినా లీక్ ఆగకపోతే అప్పుడు హెడ్డు దించాలి.

హెడ్డు దించడం

ఇంజన్ చల్లగా ఉండాలి. వేడి మీద బోల్టులు విప్పితే హెడ్డు వంకర పోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, నీళ్లు వదిలేయండి. ఆ నీళ్ల రంగు చూడండి. తుప్పు రంగులో, అడుగున తెల్లటి బురదతో ఉంటే మీ కారణం దాదాపు దొరికినట్టే.

మేనిఫోల్డులు, ఇంజెక్టర్ పైపులు, ఇంజెక్టర్లు తీయండి. హెడ్డును బల్ల మీద బోర్లించే ముందు ఇంజెక్టర్లు తీసి ఉండాల్సిందే, వాటి మొనలు హెడ్డు కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి. విప్పిన పైపుల నోళ్లకు శుభ్రమైన గుడ్డ కట్టండి. రాకర్ షాఫ్ట్ తీశాక పుష్ రాడ్లను అట్టముక్కకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చి, అంకెలు వేయండి. దేనిది దానికే పోవాలి. హెడ్ బోల్టులను చివరల నుంచి మధ్యకు, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతల్లో వదులు చేయండి. హెడ్డు రాకపోతే గాస్కెట్ సందులో స్క్రూడ్రైవర్ పెట్టి తన్నొద్దు. చెక్కసుత్తితో పక్కన తడితే వస్తుంది. బరువుంటుంది, ఇద్దరు పట్టాలి.

వెట్ లైనర్లు (బయటివైపు నేరుగా నీళ్లు తగిలే సిలిండర్ గొట్టాలు) ఉన్న ఇంజన్లలో హెడ్డు తీశాక క్రాంక్ తిప్పొద్దు. లైనర్ పైకి లేచిందంటే కింది రబ్బరు రింగులు పోయి ఆయిల్‌లో నీళ్లు కలుస్తాయి. తప్పనిసరిగా తిప్పాలంటే ముందు లైనర్లను పట్టీలతో బిగించాలి.

వాల్వు స్ప్రింగ్ నొక్కే క్లాంప్‌తో ఒక్కో స్ప్రింగ్ నొక్కి, దాన్ని కాడకు పట్టి ఉంచే లాక్ ముక్కలు తీయండి. పానా పెట్టి సుత్తితో కొట్టి లాక్‌లు ఎగరగొట్టే పద్ధతి మన దగ్గర చాలాచోట్ల ఉంది. దాంతో లాక్ ముక్క కంట్లోకి వస్తుంది, లేదంటే కాడ వంగుతుంది. క్లాంప్ అద్దెకు దొరుకుతుంది. కాడ కొన దగ్గర గరుకు అంచు తేలి ఉంటే సన్నటి ఆకురాయితో దాన్ని తీసేశాకే వాల్వును కిందికి లాగండి, లేకపోతే గైడు గీసుకుపోతుంది. తీసిన వాల్వులను కూడా అంకెల ప్రకారం పెట్టుకోండి.

వాల్వు ఏం చెబుతోంది

ఇక్కడ తొందరపడొద్దు. కార్బన్ గీకేయకముందే అన్ని వాల్వులనూ వరుసగా పేర్చి చూడండి. కడిగేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

ముందు చూడాల్సింది, ఒకటే పోయిందా, అన్ని ఎగ్జాస్ట్ వాల్వులకూ కొద్దో గొప్పో అదే జబ్బు ఉందా అని. ఒకటే పోతే ఆ సిలిండర్‌లోనే కారణం ఉంది. టాపెట్ బిగువో, గైడు అరగడమో, ఆ ఇంజెక్టర్ డీజిల్‌ను తుంపరగా కాక బొట్లుగా వదలడమో. ఆ ఇంజెక్టర్‌ను పంప్ షాపులో పరీక్ష చేయించకుండా తిరిగి బిగించొద్దు. అన్నీ పోతే అందరికీ చెందిన కారణం, అంటే నీటిదారుల్లో సున్నం, పంపు టైమింగ్ ఆలస్యం, లేదా బండికి మించిన లోడు.

వాల్వు అంచు ఒకచోట కొరికేసినట్టు తెగిపోయి ఉంటే అది మంట తిన్న గాడి. చిన్న లీకుగా మొదలై పెద్దదైంది. ఆ వాల్వు ఇక పనికిరాదు. హెడ్డులో దానికి ఎదురుగా సీటు మీద కూడా నల్లటి చార ఉంటుంది, వేలుతో తడిమి చూడండి.

ముఖం చుట్టూ సన్నటి గుంటలు సమానంగా ఉంటే కార్బన్, దుమ్ము పని. లోతు లేకపోతే గ్రైండింగ్‌తో పోతాయి.

ఇన్‌లెట్ వాల్వు ముఖం నున్నగా, గాడి పడినట్టు అరిగి ఉంటే గుండె రాయి చేసుకోండి. ఎయిర్ క్లీనర్ దాటి ఎర్రమట్టి లోపలికి పోతోంది. ఆ మట్టి వాల్వుతో ఆగదు, లైనర్‌నూ రింగులనూ కూడా తినేసి ఉంటుంది. లైనర్ పైభాగంలో వేలిగోరు తగులుకునేంత మెట్టు పడిందేమో చూడండి. మెట్టు ఉంటే హెడ్డు ఒక్కటే బాగుచేయడం డబ్బు దండగ. కొత్తగా బిగించిన వాల్వుల వల్ల పైన కంప్రెషన్ పెరిగి, అరిగిన రింగులు ఇంకా ఎక్కువ ఆయిల్ తాగుతాయి. ఎయిర్ క్లీనర్ నుంచి మేనిఫోల్డ్ దాకా ఉన్న రబ్బరు గొట్టం, క్లిప్పులు తప్పకుండా చూడండి. ఫిల్టర్ కొత్తదైనా గొట్టానికి చీలిక ఉంటే ఏం లాభం?

ఇన్‌లెట్ వాల్వు తలకాయ వెనక జిడ్డుగా, మందంగా కార్బన్ పేరుకుని ఉంటే సీలూ గైడూ పోయాయి. కాడ నీలం రంగు తిరిగి ఉంటే బాగా వేడెక్కింది. తలకాయ లోపలికి గిన్నెలా కుంగి ఉంటే కూడా అదే. వాటిని నమ్మొద్దు.

పిస్టన్ మీద నెలవంక ఆకారంలో దెబ్బ కనిపిస్తే వాల్వు తగిలింది. టైమింగ్ తప్పడం ఒక కారణం. ఇంజన్ హద్దు మీరి తిరగడం ఇంకో కారణం. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు, లోడు లారీని ఒక్కసారిగా మరీ తక్కువ గేరులోకి లాగితే చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. అంత వేగానికి స్ప్రింగులు వాల్వులను సమయానికి మూయలేవు. ట్రాలీ నిండా లోడుతో దిగే ట్రాక్టర్‌కూ ఇదే జరుగుతుంది. ఇలా తగిలిన వాల్వు పైకి బాగానే కనిపించినా కాడ వంగి ఉంటుంది. మార్చేయండి. వంగిన వాల్వును సరిచేసి వాడటం అనేది లేదు. తలకాయ ఊడి సిలిండర్‌లో పడిందంటే తర్వాత పోయేది పిస్టన్, లైనర్, హెడ్డు మూడూ.

తర్వాత అన్నీ కడగండి. వాల్వు తలకాయ అంచు మందం కొలవండి. ఒక మిల్లీమీటర్ కంటే సన్నబడితే తిరిగి కోయించొద్దు, సన్నటి అంచు త్వరగా కాలిపోతుంది. వాల్వును గైడులో పెట్టి సెంటీమీటర్ పైకి లేపి పక్కలకు ఊపండి. బాగా ఊగుతుంటే గైడు పోయినట్టే. డయల్ గేజ్ ఉంటే కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. స్ప్రింగులన్నీ అద్దం మీద పక్కపక్కన నిలబెట్టండి. పొట్టిగా ఉన్నదీ, పక్కకు వాలినదీ తెలిసిపోతాయి. హెడ్డు ముఖం మీద స్టీల్ పట్టీ పెట్టి 0.10 మిల్లీమీటర్ల ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని కోసి చదును, చేయించాలి.

రెండు సీట్ల మధ్య, సీటుకూ ఇంజెక్టర్ రంధ్రానికీ మధ్య సన్నటి చీలిక ఉందేమో వెతకండి. మరిగిపోతున్న ఇంజన్‌లో చల్లనీళ్లు పోసిన బండ్లకు ఇది మామూలు. అనుమానం ఉంటే చీలికల్లోకి ఇంకి వాటిని చూపించే రంగు స్ప్రేతో పరీక్షించండి, లేదా ప్రెషర్ టెస్ట్ చేయించండి. పగిలిన కాస్ట్ ఐరన్ హెడ్డుకు వెల్డింగ్ చేయిస్తే ఎంతకాలం ఆగుతుందో ఎవరూ హామీ ఇవ్వరు.

లేత్ షాపులో ఏం అడగాలి

హెడ్డు, వాల్వులు, కొత్త గైడ్లు అన్నీ ఒకేసారి తీసుకెళ్లండి. ముందే ఒక మాట చెప్పండి: "అన్నా, ముందు గైడ్లు చూడు, సీటు తర్వాత కొయ్యి." సీటు కోసే పనిముట్టు గైడులో నిలబడి తిరుగుతుంది. వదులైన గైడు మీద కోసిన సీటు గుండ్రంగా రాదు. సీటు కోశాక గైడు మారిస్తే ఆ కోత అంతా వృథా.

సీటు కోణం చాలా ఇంజన్లలో 45 డిగ్రీలు, కొన్ని ఇన్‌లెట్ వాల్వులకు 30. మీ ఇంజన్‌ది ఏదో తెలుసుకుని చెప్పండి. కోశాక సీటు పట్టీ వెడల్పు సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉండాలి, వాల్వు ముఖానికి మధ్యలో పడాలి. మరీ సన్నగా ఉంటే వేడి పోదు, మరీ వెడల్పుగా ఉంటే కార్బన్ పట్టుకుని సరిగా మూసుకోదు. ఎగ్జాస్ట్‌కు కాస్త వెడల్పు ఉన్నా మంచిదే. పట్టీ అంచుకు జరిగితే పై, కింది కోణాల కట్టర్లతో దాన్ని సరైన చోటికి తెస్తారు. ఇది తెలిసిన షాపును వెతుక్కోండి, ఒక్క కట్టర్‌తో అన్నీ కానిచ్చేచోట వద్దు.

సీటు బాగా దిగిపోతే కొత్త సీటు రింగు వేయించాలి. హెడ్డు వేడి చేసి, రింగు చల్లబరిచి ఎక్కిస్తారు. సుత్తితో కొట్టి, చుట్టూ పంచ్ గాట్లు పెట్టిన రింగు వేడికి ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

కోత అయ్యాక వాల్వు తలకాయ హెడ్డు ముఖానికి ఎంత లోపలికి ఉందో కొలవండి. మరీ లోపలికి పోతే కంప్రెషన్ తగ్గి చలిలో స్టార్టింగ్ కష్టం. హెడ్డు ఫేసింగ్ ఎక్కువ చేస్తే వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది. రెండు హద్దులూ మాన్యువల్‌లో ఉంటాయి.

చేత్తో గ్రైండింగ్

ముఖం మీద గుంటలు తక్కువగా ఉన్నా, లేత్ నుంచి కోసి తెచ్చినా, ఆఖరున పేస్టుతో గ్రైండింగ్ చేయాలి. ముఖం చుట్టూ మూడు నాలుగు చోట్ల చిన్న చుక్కలు పెట్టండి. కాడకు అంటనివ్వొద్దు, గైడును తినేస్తుంది. కాడకు ఆయిల్ రాసి వాల్వు దింపి, రబ్బరు కప్పు కర్రతో అరచేతుల మధ్య ముందుకూ వెనక్కూ తిప్పండి. కాసేపటికోసారి లేపి, పావుచుట్టు జరిపి మళ్లీ తిప్పండి. మొదట గరగరమనే శబ్దం తగ్గి మెత్తబడగానే తుడిచి చూడండి. తెగకుండా ఒకే బూడిద రంగు పట్టీ చుట్టూ కనిపిస్తే చాలు. గరుకు పేస్టుతో మొదలుపెడితే సన్న పేస్టుతో ముగించండి.

డ్రిల్ మిషన్‌కు కాడ బిగించి తిప్పేవాళ్లున్నారు. ఒకే దిక్కున తిప్పితే గీతలు పడతాయి. లోతు గుంటలు పోయేదాకా గంటలు రుద్దడం కూడా తప్పే, వాల్వు ముఖం మీద గాడి పడుతుంది. అది గ్రైండింగ్‌తో పోయే జబ్బు కాదు, లేత్‌కు పంపండి.

తర్వాత కిరోసిన్‌తో, ఆపైన సబ్బునీళ్లతో కడగండి. తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటకూడదు. మిగిలిన పేస్టు ఇంజన్‌లోకి పోతే ఎర్రమట్టి కంటే వేగంగా బేరింగులను తింటుంది.

పరీక్ష రెండు రకాలు. ముఖం మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, వాల్వు దింపి పావుచుట్టు తిప్పండి. గీతలన్నీ తెగితే సరే, తెగని చోట తగలడం లేదు. రెండోది, స్ప్రింగులు బిగించాక పోర్టుల్లో కిరోసిన్ పోసి పది నిమిషాలు వదలండి. సీటు దగ్గర తడి కూడా రాకూడదు.

తిరిగి బిగించడం

కాడలకు ఆయిల్ రాయండి. సీళ్లు ప్రతిసారీ కొత్తవే వేయండి. లాక్ ముక్కలు కూర్చున్నాక కాడ కొన మీద చెక్కసుత్తితో రెండు దెబ్బలు కొడితే అవి పూర్తిగా సర్దుకుంటాయి, సరిగా కూర్చోనిది ఉంటే అప్పుడే బయటపడుతుంది. బ్లాకులోని బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు లేకుండా గాలి కొట్టండి. ద్రవం మిగిలితే బోల్టు బిగించినప్పుడు బ్లాకు పగలొచ్చు. గాస్కెట్ కొత్తది, పైకి ఉండాల్సిన వైపు చూసి వేయండి. బోల్టులు మధ్య నుంచి చివరలకు, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే. చేతి అంచనా ఎంత అనుభవం ఉన్నా వద్దు.

టాపెట్ సెట్టింగ్‌కు ఏ ఇంజన్‌కైనా పనికొచ్చే పద్ధతి ఇది. ఇంజన్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ ఒక సిలిండర్ వాల్వులు చూడండి. ఎగ్జాస్ట్ మూసుకుంటూ, అదే సమయంలో ఇన్‌లెట్ తెరుచుకోవడం మొదలుపెట్టే చోట ఆపి, క్రాంక్ పుల్లీ మీద సుద్దగీత పెట్టండి. అక్కడి నుంచి సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. ఇప్పుడు ఆ సిలిండర్ రెండు వాల్వులూ పూర్తిగా మూసి ఉంటాయి, గ్యాప్ కొలవడానికీ పెట్టడానికీ ఇదే చోటు. మిగతా సిలిండర్లకూ అలాగే. చాలా ట్రాక్టర్లలో గ్యాప్ 0.25 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చల్లగా పెట్టాలా, వేడి మీద పెట్టాలా అనేది కూడా మాన్యువల్ చూసే చేయండి. ఫీలర్ కాస్త పట్టుకుంటూ జరగాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు గ్యాప్ మారుతుంది.

గ్యాస్ మీద నడిచే ఆటోలకు ఈ గ్యాప్ ఇంకా తరచుగా చూడాలి. పొడి ఇంధనం వల్ల సీట్లు త్వరగా దిగుతాయి, గ్యాప్ తగ్గిపోతూ ఉంటుంది. కొన్ని బైకులు, కార్లలో స్క్రూ ఉండదు, గ్యాప్ సరిచేయడానికి షిమ్ (తగిన మందం ఉన్న చిన్న బిళ్ల) మార్చాలి.

స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆగి వెతకండి. తర్వాత డీజిల్ లైనులో ఎయిర్ తీయండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మన జిల్లాలో చాలా బోర్ల నీళ్లు పాత్రలకే తెల్లటి పొర పట్టిస్తాయి, హెడ్డుకు పట్టించవా? కూలెంట్‌ను డబ్బా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. అది దొరకకపోతే ఊళ్లోని ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు నయం. పాత సున్నం బాగా ఉంటే హెడ్డు ఎక్కించేముందే నీటిదారులూ రేడియేటరూ శుభ్రం చేయించి ఉండాలి.

ఈ పనులు ఒకరి పక్కన నిలబడి నేర్చుకోవాలనుంటే అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్ వాడకం, సంరక్షణ, మరమ్మతుల మీద రైతులకూ యువతకూ కోర్సులు నడుపుతారు.

స్టార్ట్ అయ్యాక పది పదిహేను నిమిషాలు మధ్యస్థ వేగంలో లోడు లేకుండా నడిపి, నీటి, ఆయిల్ లీకులు చూడండి. పూర్తిగా చల్లారాక టాపెట్లు మరోసారి కొలవండి. మాన్యువల్ అడిగితే హెడ్ బోల్టులు మళ్లీ టార్క్ చేయండి, తర్వాత గ్యాప్ తప్పనిసరిగా చూడండి. సుమారు 50 గంటల పని తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చి, ఇంకోసారి గ్యాపులు కొలిచి, మొదట రాసుకున్న కాగితం మీదే పక్కన రాయండి. బాగుచేసిన సిలిండర్ గ్యాప్ మిగతావాటికంటే ఎక్కువగా తగ్గి ఉంటే సీటు ఇంకా దిగుతోంది. అప్పుడు ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను మళ్లీ పరీక్షకు పంపి, నూర్పిడి మొదలయ్యేలోపు తేల్చుకోండి.